ఒడంబడికకు ముందే విచారణ

ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర పురపాలక, పట్టణాభివృద్ధి శాఖామాత్యులవారికి ఒక పౌరుని బహిరంగ లేఖ

ఆర్యా,

పల్నాడు జిల్లా కొండవీటి చెంతను, విశాఖపట్టణపు కాపులుప్పాడలోను నగరముల చెత్తను కాల్చి విద్యుత్తు పుట్టించు కేంద్రములు రెండు కొన్నేండ్లుగా పనిచేయుచుండగా, ఆ బాటనే మఱికొన్ని నగరములకును అట్టివానిని సమకూర్ప ప్రభుత్వము తలపెట్టిన ఈ తరుణమున, వాటి స్థలనిర్ణయమును, అనుమతులను పరిశీలించు పద్ధతిని గూర్చి, ఏటేటా ఆస్తిపన్ను చెల్లించుచు, వీధి చివర నిలిచిన చెత్తబండి వాసనను తక్కిన వారితోపాటు భరించుచున్న ఒక సామాన్య పౌరునిగా నాలుగు మాటలు తమకు విన్నవించుకొనదలచితిని. దీనిని తమ కచేరీకి టపాలోనే పంపవచ్చును. కాని అట్లు పంపిన అర్జీ ఏ విభాగమునకు చేరి, ఏ గుమాస్తా బల్లపై ఎన్ని కట్టల నడుమ నిద్రించునో మనకిరువురకును తెలిసినదే కనుక, నలుగురు చదువునట్లు పత్రికాముఖముననే వ్రాయుచున్నాను.

మొదటనే ఒక మాట స్పష్టపఱచుకొనవలెను. నేను దహనమునకు శత్రువును కాను. ఊరి వెలుపల చెత్తను గుట్టగా పోసి దాని మానాన దానిని వదలివేసినచో అది కాలక ఊరకుండునని భావించువారు ఆ గుట్టలను దగ్గఱనుండి చూచినవారు కారు. లోపల కుళ్లిన తడిచెత్తనుండి పుట్టు మీథేను వాయువు ఒక్క నిప్పురవ్వ సోకినంతనే అంటుకొనుటయు, పైన ఎంత నీరు చల్లినను అడుగున రాజుచునే యుండుటయు మన ఊళ్ల అగ్నిమాపక సిబ్బందికి నిత్యానుభవము. 2023 మార్చిలో కొచ్చి నగరపు బ్రహ్మపురము గుట్ట అంటుకొని రమారమి పండ్రెండు దినములు ఆ నగరమును పొగలో ముంచినది. తక్కువ వేడిలో, ఆరుబయట, ఏ కట్టుబాటును లేక మండు అట్టి మంటతో పోల్చినచో, సక్రమముగా నడపబడు కొలిమి పొగ ఎంతయో మేలని ఒప్పుకొనుటకు నాకు సంకోచము లేదు. కావున ‘కేంద్రము వలదు’ అనుట నా అభిమతము కాదు. కేంద్రము కావలెనా, ఎంతది కావలెను, ఎచట కావలెను అను ప్రశ్నలను అడుగవలసిన వేళ అడుగక, వాటి సమాధానములు ఒడంబడిక రూపమున సంతకములతో ముగిసిన పిమ్మట, అవే ప్రశ్నలను షామియానా క్రింద ప్రజల ముందుంచు ఆచారము అసంగతమనుటయే నా ఆక్షేపణ.

చెత్తను యంత్రమున కాల్చు విద్య క్రొత్తది కాదు. 1874లోనే ఇంగ్లండులోని నాటింగ్‌హాము పట్టణమున అట్టి కొలిమి వెలసినది. ఆంగ్లేయులు ఇంటింట చలిమంటకు బొగ్గు వాడు రోజులవి. కాలీకాలని బొగ్గునుసి చెత్తలో మెండుగా నుండుటచే అది మండుటకు పెద్దగా ప్రోద్బలము అక్కఱలేకపోయెను. మన చెత్త అట్టిది కాదు. అరటిదొప్పలు, తాగి పాఱవేసిన కొబ్బరిబొండములు, కూరగాయల తొక్కలు, కల్యాణమండపముల వెనుక పులుసు, పెరుగు ఓడుచు గుట్టపడిన విస్తళ్లు, వీధి ఊడ్పులో వచ్చు ఇసుక, కాలువ పూడిక—ఇవి మన మునిసిపల్ బండిలోని ప్రధాన సరకు. ఢిల్లీలోని తిమార్‌పూరునందు 1987లో డెన్మార్కు యంత్రములతో నెలకొల్పిన దహనకేంద్రము, దినమునకు 300 టన్నుల చెత్తను కాల్చి 3.75 మెగావాట్ల విద్యుత్తు నీయవలసినది, మూడు వారముల పరీక్షకే చతికిలబడినది. దానికి కావలసినది కిలోకు 1400కు పైబడిన కిలోకేలరీల ఉష్ణశక్తి గల చెత్త. వచ్చి చేరినది అందులో సగమైనను లేనిది. పచ్చికట్టెలతో పొయ్యి రాజేయబోయి ఊదుగొట్టముతో కండ్లు ఎఱ్ఱజేసికొనిన ఏ ఇల్లాలినడిగినను చెప్పగలిగిన సంగతి అది.

ఇందలి లెక్క కష్టమైనది కాదు. ఒక కిలో నీటిని ఆవిరిగా మార్చుటకు ఇంచుమించు 600 కిలోకేలరీల వేడి కావలెను. కిలో చెత్తలో సగము నీరే యైనచో, 300 కిలోకేలరీలు ఆ తడిని ఆర్చుటకే వ్యయమగును. మిగిలిన అరకిలోలో మట్టి, ఇసుక, గాజు వంటి మండనివి పోగా నిలుచు కొద్దిపాటి కాగితము, గుడ్డ, ప్లాస్టిక్కు మాత్రమే ఆ భారమునంతటిని మోసి, ఆపైన ఆవిరియంత్రమును త్రిప్పవలెను. 2016నాటి ఘనవ్యర్థ నిర్వహణ నియమావళి, పునర్వినియోగమునకు పనికిరానిదియు, కిలోకు 1500 కిలోకేలరీలు లేక అంతకు మించిన శక్తి గలదియునగు చెత్తను మాత్రమే ఇంధనముగా ఉద్దేశించుట ఇట్టి అనుభవముల ఫలితమనియే నేను భావింతును. తెలుగునాటను ఈ పాఠము మనము ఒకమాఱు చదివినదే. 2003 ప్రాంతమున విజయవాడలో ఒకటి, షాద్‌నగర్ చెంతనున్న ఎలికట్టలో ఒకటి, ఆరేసి మెగావాట్ల స్థాయిలో వెలసిన కేంద్రములు, చెత్తను ఆరబెట్టి, ఏరి, ఇంధనముగా మార్చుకొనియు, వ్యవసాయ వ్యర్థములను తోడు చేసికొనినగాని నడువలేకపోయినవి. కొన్నేండ్లకు రెండును మూతపడినవి. 2005లో సుప్రీంకోర్టు ఇట్టి కేంద్రములకిచ్చు కేంద్రప్రభుత్వ సబ్సిడీలను నిలిపించి, నిపుణుల సంఘముచే విషయమును పరిశీలింపజేసి, 2007లో అయిదు ప్రయోగాత్మక కేంద్రములకు మాత్రము దారి విడిచినది.

ఈ చరిత్రను ఏకరువు పెట్టుట పాండిత్య ప్రకర్షకు కాదు. అనుమతి కోరి వచ్చిన ఏ నివేదికనైనను ముందుగా ఏమని ప్రశ్నింపవలెనో అది నేర్పుచున్నది: ఈ ఊరి చెత్తలో ఏమున్నది, తడి ఎంత, ఏ నెలలో తూచిరి? సాధారణముగా నివేదికలలో కనబడునది ఒక సగటు అంకె. ఏప్రిలు మాసపు ఎండలో ఎత్తిన నమూనాకును, నైరుతి వానలు ముగియకముందే తుపానులు తోడగు కోస్తాలో అక్టోబరు నెల ఎత్తిన నమూనాకును పోలికయే యుండదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగిన తరువాత విజయవాడ సింగునగర్ వీధులలో ఇంటింటి వాకిట పోగుపడిన బురదపరుపులను, నానిన బట్టలను, ఉబ్బిన చెక్కసామానును చూచినవారెవరును మన చెత్తను సగటు అంకెతో కొలువ సాహసింపరు. సగటు చెత్తతో కొలిమి మండదు. ఆనాటి చెత్తతో ఆనాడు మండవలసినదే. మండనిచో డీజిలు పోయుదురు, లేదా వేడి తగ్గనిత్తురు. వేడి తగ్గినప్పుడు ఏమి జరుగునో ముందు చెప్పెదను.

చట్టము విధించిన పరిశీలన స్వరూపమును గూర్చి ఇంచుక. 2006 సెప్టెంబరు 14న కేంద్రప్రభుత్వము వెలువరించిన పర్యావరణ ప్రభావ అంచనా ప్రకటన ననుసరించి, ప్రజాభిప్రాయ సేకరణ జరుగవలసిన చోట కనీసము 30 దినములు ముందుగా పత్రికలలో ప్రకటింపవలెను. ముసాయిదా నివేదికను కలెక్టరు కచేరీలో, జిల్లా పరిషత్తులో, స్థానిక సంస్థలో ప్రజలకు అందుబాటున ఉంచవలెను. దాని సంగ్రహమును ఆంగ్లమునను, స్థానిక భాషయందును సమకూర్పవలెను. కలెక్టరుగాని, అదనపు జిల్లా మేజిస్ట్రేటు హోదాకు తగ్గని ప్రతినిధిగాని అధ్యక్షత వహింపవలెను. సభనంతటిని వీడియో తీయవలెను. వెలిబుచ్చిన అభిప్రాయములను సభాంతమున స్థానిక భాషలో చదివి వినిపింపవలెను. కాగితముపై ఇది మెచ్చదగిన ఏర్పాటే. కాని ఇంతమంది వచ్చినగాని సభ సాగరాదను నియమము మాత్రము లేదు. పదిమంది వచ్చినను అది ప్రజాభిప్రాయమే. ఇంతకంటె విచారింపదగినది మఱియొకటి కలదు. ఈ ప్రకటనకు తరువాత చేర్చిన సవరణలలో, అపాయకరము కాని పురపాలక వ్యర్థములతో నడచు 15 మెగావాట్ల వఱకు గల విద్యుత్కేంద్రములకు, సహాయక ఇంధనము 15 శాతమునకు మించనిచో, థర్మల్ కేంద్రముల పద్దు క్రింద మినహాయింపు లభించినది. మన రెండు కేంద్రముల సామర్థ్యమును చెరి 15 మెగావాట్లే. ఇందు నేను ఎవ్వరికిని దురుద్దేశము అంటగట్టను. సామూహిక ఘనవ్యర్థ నిర్వహణ కేంద్రములకు అదే ప్రకటనలో వేఱొక పద్దు కలదు, వాయు కాలుష్య నివారణకై 1981నాటి చట్టము క్రింద కాలుష్య నియంత్రణ మండలి సమ్మతి ఎట్లును కావలెను. అయినను, ఒక పద్దున అవసరమై మఱియొక పద్దున అనవసరమగు విచారణ, న్యాయవాదులకు పనికివచ్చునంతగా పౌరునికి పనికిరాదు. సామర్థ్యము 15 అయినను, 14 అయినను, పురజనుల చెత్తను కాల్చు ప్రతి కొలిమికిని బహిరంగ విచారణ తప్పనిసరియని రాష్ట్రప్రభుత్వము తనంతట తాను ఒక ఉత్తరువు వెలువరించుటకు ఏ చట్టమును అడ్డురాదు.

ఇక ఆ సభలు జరుగు తీరు. చెత్త దహనకేంద్రమునకు సంబంధించిన ఒక సభలో నేను వెనుకవరుస ప్లాస్టిక్కు కుర్చీలో కూర్చుంటిని. ఊరు పేరు ఇక్కడ అనవసరము. ముందు వరుసలో తెల్లగుడ్డ తొడిగిన కుర్చీలు, వాటిపై గ్రామపెద్దలు, ఇరుపక్కల పోలీసులు, ప్రవేశమున మజ్జిగ ప్యాకెట్లు, పేరు వ్రాయించుకొను బల్ల. సంస్థ పక్షమున వచ్చిన నిపుణుడు తెరపై బొమ్మలు చూపుచు అర్ధగంటసేపు ఆంగ్లపదములు కలిపి ప్రసంగించెను. ఉద్యోగములు ఎన్ని వచ్చునని యువకులు, రోడ్డు వేయుదురాయని సర్పంచి అడిగిరి. అంతట ఒక వృద్ధురాలు మైకు అందుకొని, “కాల్చినాక బూడిద యేడ పోస్తారయ్యా? లారీలు మా చెరువుకట్ట మీదుగానేనా ఎల్లేది?” అని యడిగెను. నిపుణుడు చేతిలోని పుస్తకము త్రిప్పి, అన్ని నిబంధనలను తుచ తప్పక పాటింతుమని బదులిచ్చెను. సభాంతమున చదివిన మినిట్సులో ఆమె ప్రశ్న ‘వ్యర్థముల నిర్వహణపై ఒకరు సందేహము వెలిబుచ్చిరి’ అని మాఱిపోయెను. చెరువుకట్ట ఎగిరిపోయినది, లారీలు ఎగిరిపోయినవి.

ఆనాటి సభలో అడిగిన ప్రశ్నలన్నిటిలోను ఇంజనీరింగు ప్రశ్న అదియొక్కటే. దినమునకు వేయి టన్నుల చెత్త కాల్చు కొలిమినుండి అడుగుబూడిదయే రమారమి 200 టన్నులు వెలువడును. మన చెత్తలో మట్టి హెచ్చు కనుక అంతకు మించినను ఆశ్చర్యము లేదు. పది టన్నుల లారీలు ఇరువది, దినదినమును, ఏండ్ల తరబడి. ఇది గాక పొగను వడగట్టు సంచులలో చిక్కు సన్నని బూడిద వేఱు. పొగలోని ఆమ్లములను విఱచుటకు చల్లిన సున్నము, విషములను పీల్చుటకు చల్లిన బొగ్గుపొడి, సీసము, కాడ్మియము వంటి లోహములు అన్నియు అందే చేరును. పొగ ఎంత శుభ్రమైనచో ఆ బూడిద అంత విషపూరితమగును. లోహముల మోతాదు హద్దు మీఱినచో దానిని అపాయకర వ్యర్థముగా పరిగణించి, అందుకై ప్రత్యేకించిన స్థలమునకే చేర్పవలెనని నియమావళి. అట్టి స్థలములు ఊరూర లేవు. కావున బూడిద ఏ దారిన ఏ ఊరికి పోవునో చెప్పని నివేదిక సగము నివేదికయే.

పొగ మాట సంగ్రహముగా చెప్పెదను. డయాక్సినులను విషములకు నియమావళి విధించిన హద్దు ఘనమీటరు పొగలో 0.1 నానోగ్రాము, అనగా గ్రామున వేయికోట్లవ వంతు. వాటిని విఱచుటకై 950 డిగ్రీల వేడిలో రెండు సెకనులైనను పొగ నిలువవలెనని జంటగదుల కొలుములకు నిర్దేశించిరి. ఇక్కడనే తడిచెత్త తన ప్రతాపము చూపును. వేడి తగ్గినప్పుడు విఱుగవలసినవి విఱుగవు. విఱిగినవి సైతము పొగ చల్లారు దారిలో, 450 నుండి 200 డిగ్రీల నడుమ మెల్లగా జాఱినచో, మరల కూడుకొనును. ధూళికిని, గంధక వాయువునకును రేయింబవళ్లు కొలుచు మీటర్లు కలవు, వాటి అంకెలు మండలికి నేరుగా చేరును. కాని డయాక్సినులను అట్లు అనుక్షణము కొలుచుట ఆచరణలో లేదు, గంటల తరబడి పొగను పట్టి ప్రయోగశాలకు పంపవలసినదే. అట్లు పట్టు దినము సంస్థకు ముందే తెలిసినచో ఆనాడు మంచి పొడిచెత్తయే కొలిమికెక్కుట సహజము. కొలిమిని రాజేయునప్పుడు, ఆపునప్పుడు విషము హెచ్చగును. నమూనా మాత్రము అది నిలకడగా మండు శుభఘడియలో తీయుదురు.

విచారణ ఆలసించినచో ఏమగునో ఢిల్లీవారు చూపిరి. ఓఖ్లా దహనకేంద్రముపై సుఖదేవ్ విహార్ నివాసులు న్యాయస్థానమునకెక్కినది 2009లో. 16 మెగావాట్ల ఆ కొలిమి రాజుకొన్నది 2012లో. జాతీయ హరిత ట్రిబ్యునలు తీర్పు చెప్పినది 2017లో. కేంద్రమును కొనసాగనిచ్చి, పర్యావరణ పరిహారము విధించిరి. ఎనిమిదేండ్ల వ్యాజ్యములో మొదటి మూడేండ్లు మాత్రమే కట్టడమును మార్పగల వ్యవధి యుండెను. ఆ మూడేండ్లు గడచిన పిమ్మట ఏ న్యాయమూర్తియు నిర్మించిన కొలిమిని ఇంకొక చోటికి ఎత్తిపెట్టజాలడు.

మన పద్ధతిలో ఆ వ్యవధియు కఱవే. ముందుగా టెండరు, పిమ్మట ఒడంబడిక, దానియందు దశాబ్దముల కాలపరిమితి, దినమునకు ఇన్ని టన్నులు సరఫరా చేసెదమని పురపాలక సంఘముల వాగ్దానము, భూమి, విద్యుత్తు కొనుగోలు ఒప్పందము—ఇవన్నియు కుదిరిన తరువాత చివర పర్యావరణ నివేదిక. 2016లో పది కేంద్రములకై రాష్ట్రము ఒప్పందములు కుదుర్చుకొన్నది. నేటికి నిలిచి నడచుచున్నవి రెండు. తక్కిన నగరములలో చెత్త ఇన్నాళ్లును ఏ ఏర్పాటును లేక వేచినది. ఒప్పందమే పరిష్కారమని భ్రమించుటవలన కలుగు నష్టమిది.

టన్నుల వాగ్దానము చూచుటకు చిన్నమాటవలె కనబడును, చిక్కంతయు అందేయున్నది. కొలిమికి ఆకలి నిత్యము, దాని ఆకలి తీర్చునది కాగితము, ప్లాస్టిక్కు, గుడ్డ. చెత్త ఏరుకొను స్త్రీల పొట్ట నింపునవియు అవే. ఇంటింట తడిచెత్త, పొడిచెత్త వేఱుపఱచి, ఏరదగినది ఏరి, తడిని ఎరువు చేసికొన్న ఊరిలో కొలిమికి మిగులునది ఏమి? సూర్యాపేట, బొబ్బిలి వంటి చిన్నపట్టణములు ఆ మార్గమున దేశపు మెప్పు పొందినవి. అట్టి ఊరు బాగుపడిన కొలది తన వాగ్దానమును భంగపఱచుకొనుచున్నట్లు లెక్క! ఇది నా ఊహ మాత్రమే కాదు. డెన్మార్కు రాజధాని కోపెన్‌హాగెనులో, కప్పుపై జనులు మంచుజారుడు ఆటలాడుకొనునట్లు నిర్మించిన ప్రఖ్యాత దహనకేంద్రము 2017లో తెఱవబడి, ఊరి చెత్త చాలక పరదేశముల చెత్తను దిగుమతి చేసికొన్నది. 2020లో ఆ దేశమే తన దహన సామర్థ్యమును 2030 నాటికి 30 శాతము తగ్గించుకొనుటకు నిశ్చయించుకొన్నది. తిమార్‌పూరునకు యంత్రములు పంపిన దేశమదియే యని తమకు గుర్తుచేయనక్కఱలేదు.

విద్యుత్తు వచ్చునుగదాయని అందురు. 2015లో కేంద్ర విద్యుత్ నియంత్రణ మండలి పురపాలక చెత్త విద్యుత్తునకు నిర్ణయించిన ధర యూనిటునకు 7 రూపాయల 4 పైసలు. 2017లో రాజస్థానపు భడ్లాలో సూర్యరశ్మి విద్యుత్తు 2 రూపాయల 44 పైసలకు టెండరైనది. అయినను చెత్త విద్యుత్తునంతటిని పంపిణీ సంస్థలు తప్పక కొనవలెనని 2016నాటి జాతీయ టారిఫ్ విధానము. నేను దీనిని తప్పుపట్టను. చెత్తను వదిలించుకొనుటకు ఊరు ఏదో ఒక ధర చెల్లింపవలసినదే. ఆ ధర చెత్త పద్దున గాక కరెంటుబిల్లులో కనబడుచున్నదని ప్రజలకు చెప్పవలెనని మాత్రము అందును. నెలకు కొన్ని పదుల రూపాయల చెత్తపన్నుపై రాష్ట్రమంతట ఎంత రభస జరిగినదో, అది ఎట్లు రద్దయినదో తమకంటె ఎఱిగినవారెవరు? ఆ రభసలో పదవవంతు శ్రద్ధ దశాబ్దముల ఒడంబడికలపై ఎవ్వరును చూపలేదు. చూపుటకు ఆ కాగితములు ప్రజల చేతికి రాలేదు.

పొడి ప్లాస్టిక్కును కాల్చుటకు క్రొత్త కొలిమియే దిక్కా యన్నది కూడ విచారణలో రావలసిన ప్రశ్న. మాచర్ల, దాచేపల్లి ప్రాంతముల సున్నపురాతి నేలపై సిమెంటు కొలుములు 1400 డిగ్రీలకు పైబడిన వేడితో ఏనాటినుండియో మండుచున్నవి. అధికశక్తి గల వ్యర్థములను వాటియందు వినియోగింపవలెనని 2016 నియమావళియే చెప్పినది. అందు కాలిన బూడిద సిమెంటులో కలిసిపోవును గనుక ముసలమ్మ చెరువుకట్ట మీదుగా లారీలు పోనక్కఱలేదు. అయినను దీనికిని పొగ లెక్కలు, రవాణా లెక్కలు వేఱుగా కలవు. ఏది మేలో రెండు అంచనాలను ఎదురెదురుగా పెట్టి చూచినగాని తేలదు. ప్రత్యామ్నాయములను పేర్కొను అధ్యాయము ప్రతి నివేదికలోను ఉండును. ఇంతకుముందే నిశ్చయమైన దానిని సమర్థించుటయే అందలి అధ్యాయకర్త పని.

ఇంకొక అన్యాయము. 74వ రాజ్యాంగ సవరణ ననుసరించి పన్నెండవ షెడ్యూలున ఘనవ్యర్థ నిర్వహణ పురపాలక సంఘముల విధిగా నిలిచినది. కొలిమి మాత్రము తఱచుగా పంచాయతీ నేలపై వెలయును. కొండవీటి కేంద్రమునకు గుంటూరు చెత్త, కృష్ణ దాటి విజయవాడ చెత్త, తెనాలి, నరసరావుపేట, చిలకలూరిపేట చెత్త రావలెనని ఏర్పాటు. రెడ్డిరాజుల కోట నీడన నున్న ఆ గ్రామములవారు ఆ చెత్తను పుట్టించలేదు, ఆ ఒడంబడికపై సంతకము చేయలేదు; పుట్టించిన నగరవాసులకో, బండి మలుపు తిరిగిన పిమ్మట అది ఎచటికి పోవునో తెలియనే తెలియదు. అనుమతి పత్రములోని షరతులు కొండవీటి చాంతాడంత ఉండవచ్చును. కాని కొండవీటివారే వాటిని చదువలేనప్పుడు చాంతాడు బావిలోనికి దిగదు. విచారణ రెండు చోట్ల జరుగవలెను: కొలిమి వెలయు గ్రామమున ఒకమాఱు, చెత్త పుట్టు నగరమున ఒకమాఱు. నగర సభకు కౌన్సిలర్లు, అపార్టుమెంటు సంఘములవారు, హోటలు యజమానులు రావలెను. చెత్త ఏరుకొను స్త్రీలకు పిలుపు వ్రాతమూలకముగా పోవలెను, ఏలననగా ఏ నివేదికలోని సామాజిక సర్వేలోను వారి ఇండ్లు లెక్కకు రావు. వారు ఊరిలో ఉందురు, సర్వే కొలిమి చుట్టు జరుగును.

తాము ఇట్లనవచ్చును: “నాయనా, చెత్త ఆగదు. నీవు చెప్పినట్లు వానకాలము, వేసవికాలము తూచి, రెండు సభలు జరిపి, అంచనాలు పోల్చుచు కూర్చున్నచో ఏడాది గడచును. ఈలోపల గుట్టలు పెరుగును.” ఇది త్రోసిపుచ్చదగిన మాట కాదు. అనేక ఊళ్లలో పాతగుట్టలను తవ్వి, జల్లించి, నేలను ఖాళీచేయు పనికి తాము పట్టుదలతో పూనుకొంటిరి. అది మరల నిండుట తమకే కష్టము కలిగించును. అయితే ఆ ఏడాది వృథా కాదు. తడిచెత్తను వేఱుచేయుట నేడే మొదలుపెట్టినచో కొలిమికి పంపవలసిన టన్నులు తగ్గును, తగ్గిన టన్నులకు చిన్నకొలిమి చాలును, లేదా అసలు అక్కఱలేకపోవచ్చును. తొందరపడి 2016లో పది ఒప్పందములు చేసికొన్న రాష్ట్రమునకు, ఒక సంవత్సరము తూచుకొనుట ఆలస్యమని చెప్పుటకు నోరు రాకూడదు.

కనుక తమను కోరునది ఇది. దహనకేంద్రమునకు టెండరు పిలుచుటకు ముందే ఆ నగరపు చెత్తను వానకాలమున, ఎండకాలమున, పండుగనెలలో వేఱువేఱుగా తూపించి, ఆ పట్టికలను బయటపెట్టవలెను. విచారణసభ ఒడంబడిక ముసాయిదాపై జరుగవలెను గాని సంతకములైన ప్రతిపై కాదు. కనీస సరఫరా షరతు, చెల్లింపు షరతు అందు అందరికిని కనబడునట్లుండవలెను. సంగ్రహము మాత్రమే గాక నివేదిక సమస్తము తెలుగున అచ్చు కావలెను. ప్రజలడిగిన ప్రశ్నలను మినిట్సులో వారి మాటలలోనే వ్రాసి, ఒక్కొక్కదానికి ఎదురుగా సమాధానమును, దానికి బాధ్యుడైన అధికారి హోదాను చూపవలెను. డయాక్సిను నమూనాలు చెప్పాపెట్టక, వానదినములలోను, కొలిమి రాజేయు దినములలోను తీయవలెను.

క్రొత్తవానికై ఇంత కోరుటకు ముందు పాతవాని లెక్క చూపుట న్యాయము. కొండవీటిలోను, కాపులుప్పాడలోను కొలుములు రాజుకొన్ననాటినుండి నెలనెలా ఎన్ని టన్నుల చెత్త వచ్చినది, అందు తడి ఎంత, ఎంత విద్యుత్తు అమ్మిరి, ఎన్ని దినములు ఆగినవి, అడుగుబూడిద, వడపోత బూడిద ఎంతెంత పుట్టి ఏ ఊరికి పోయినవి, డయాక్సిను పరీక్షలు ఏ తేదీలలో జరిగి ఏమి చూపినవి—ఈ వివరములు సంస్థల లెక్కలలోను, కాలుష్య నియంత్రణ మండలి కచేరీలోను ఉండవలసినవే కనుక, తెలుగున అచ్చువేయించుటకు ఎంతో కాలము పట్టదు. తదుపరి టెండరు ప్రకటనకు ముందే అవి కొండవీటి పంచాయతీ కచేరీలోను, కాపులుప్పాడ వార్డు కచేరీలోను, చెత్త పంపు ప్రతి పురపాలక సంఘపు నోటీసుబోర్డుపైనను కనబడునట్లు ఉత్తరువులు దయచేయింపగోరుచున్నాను.

ఇట్లు,
విధేయుడు,
ఒక పన్ను చెల్లింపుదారు